ఎర్రపట్టీ కట్టిన చోటు

పోయిన వారం కథలో ఒక తల్లిని జిమ్నాస్టిక్స్ నేర్పే జిమ్ అద్దాల తలుపు బయట నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చేతిలో సంచీ, కాళ్ళకి బూట్లు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆమె హాస్పిటల్లో ఎక్స్‌రేలు తీస్తుంది. ఆ రోజు షిఫ్టు మారడంతో నాలుగింటికే బయటపడి, కూతుర్ని తొందరగా ఇంటికి తీసుకెళ్దామని వచ్చింది. కూతురికి పదకొండేళ్ళు. నడక వచ్చిన రోజునుంచీ సోఫా మీంచి మంచం మీదికీ, మంచం మీంచి తండ్రి వీపు మీదికీ గెంతుతుంటే ఆయన విసుగొచ్చి పెట్టిన 'మిడత' అన్న పేరే ఆ పిల్లకి స్థిరపడిపోయింది. రెండు వారాల క్రితం మిడత కుడి చీలమండ నొప్పి అంది. తల్లే స్వయంగా ఎక్స్‌రే తీసింది. ఎముకకి ఏమీ కాలేదని, బెణికి ఉంటుందని, కొన్నాళ్ళు కాలికి పని చెప్పొద్దని డాక్టరు అన్నాడు. "జిమ్‌కి వెళ్ళి ఊరికే బల్ల మీద కూచుంటానమ్మా" అని మిడత రెండు రోజులు కాళ్ళావేళ్ళా పడితే తల్లి సరేనంది.

ఇప్పుడు అద్దంలోంచి చూస్తే, బల్ల మీద కూచోవలసిన పిల్ల కాలికి ఎర్రపట్టీ కట్టుకుని చేతులతో ఎత్తు బార్ కమ్మీ పట్టుకుని గిరగిరా తిరుగుతోంది.

తల్లి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆ హాల్లో పరుపుల మీదికి ఎవరూ బూట్లతో రారు. పిల్లల నాయనమ్మలు కూడా చెప్పులు బయటే విప్పి గోడవారన నడుస్తారు. ఈమె నీలంరంగు పరుపు మీద టకటకా నడిచి వచ్చేస్తుంటే, బల్ల మీదున్న ముగ్గురు పిల్లలూ ఒకళ్ళ నొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. ఆ ముగ్గురికీ ఎర్రపట్టీలే. ఒకరికి మోకాలి మీద, ఒకరికి మోచేతికి, ఇంకొకరికి బొటనవేలికి.

కోచ్ అటు తిరిగి బూట్ల వంక చూసింది. యాభై దాటిన మనిషి. మెళ్ళో ఈల వేలాడుతుంటుంది గానీ ఆవిడ ఊదగా విన్నవాళ్ళు లేరు. పిల్లలంతా కోచక్కా అంటారు. వాళ్ళకి అమ్మమ్మ వయసున్నా ఆ పిలుపు మాత్రం మారలేదు.

"మేడం, మా అమ్మాయికి కాలు బాగాలేదు. ఆ సంగతి మీకు తెలుసా, తెలీదా?"

"తెలుసమ్మా. పట్టీ కట్టింది నేనే కదా."

"కట్టి బార్ ఎక్కించారా?"

"కాలికి కట్టాను. బార్ మీద పని చేతులది." కోచ్ గొంతులో తడబాటు లేదు. "దిగేటప్పుడు కింద మెత్తటి పరుపులు వేసి నేనే పట్టుకుని దింపుతాను. కాలు నేలకి తాకనివ్వను."

ఈ హాల్లో పద్ధతే అది. ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ ఎర్రగుడ్డ పట్టీ కడతారు. పట్టీ ఉన్నచోటుకి సెలవు, మిగతా ఒంటికి పని. చెయ్యి బాగాలేకపోతే కాళ్ళతో చేసేవి, కాలు బాగాలేకపోతే చేతులతో చేసేవి. ఏదీ చేయలేని రోజున బల్ల మీద కూచుని, మిగతా పిల్లలు నేల మీదికి దిగినప్పుడు ఎవరి పాదాలు కదిలాయో, ఎవరివి అతుక్కున్నట్టు నిలిచాయో పుస్తకంలో రాయాలి. జ్వరమొస్తే తప్ప ఇంట్లో ఉండిపోవడం అన్నమాట లేదు. పదిహేనేళ్ళుగా ఇలాగే నడుస్తోంది.

"దెబ్బ తగిలిన పిల్ల ఇంట్లో ఉండాలండీ. ఒంట్లో బాగాలేకపోతే బడికి పంపుతామా?"

"ఇంట్లో ఉంచితే ఏం చేస్తుంది? మీ సోఫా మీంచి గెంతుతుంది. ఇక్కడైతే నా కళ్ళెదుట ఉంటుంది. అయినా జ్వరం అంటే ఒళ్ళంతా వస్తుంది. చీలమండ ఒక్కచోటే కదమ్మా."

"ఒళ్ళు ముక్కలు ముక్కలుగా ఉండదు మేడం. నేను పొద్దున లేస్తే ముక్కలుగానే చూస్తాను. చెయ్యి ఒక ఫిల్ము, కాలు ఒక ఫిల్ము. ఆ చెయ్యీ కాలూ మోసుకుని తిరిగే మనిషి మాత్రం ఒక్కరే."

 ఇద్దరూ కోపంగానే ఉన్నారు గానీ ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నన్ను మధ్యలో నిలబెట్టి ఎవరిది ఒప్పో చెప్పమంటే, దాహం వేస్తోందని చెప్పి పక్కకి తప్పుకునేవాణ్ణి. బార్ మీదున్న మిడత ఆ అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

తల్లి వచ్చిన సంగతి ఆ పిల్లకి తెలీదు. చివరి చుట్టు బాగా కుదిరింది. కోచక్క వచ్చి దింపేదాకా వేలాడి ఉండాలన్న మాట ఆ సంబరంలో మర్చిపోయింది. చేతులు వదిలేసి, గాల్లో ఒక మెలిక తిరిగి, రెండు పాదాల మీదా ధన్‌మని దిగింది. పాదం అంగుళం కదల్లేదు. చేతులు పైకెత్తి, మొహమంతా నవ్వై నిలబడింది. చేతులు జారకుండా రాసుకునే సుద్దపొడి డబ్బా వైపు మూడడుగులు చక్కగా నడిచింది. నాలుగో అడుగులో గుర్తొచ్చి కుంటడం మొదలుపెట్టింది.

కోచ్ అప్పటికి ఇటు తిరిగి ఉండడంతో అదేమీ చూడలేదు. తల్లి చూసింది. కుంటు కంటే కూడా ఆ తర్వాత జరిగింది చూసింది. సుద్దపొడి డబ్బా దగ్గర నిలబడి, ఎవరూ గమనించడం లేదనుకుని, మిడత కుడిచేతిని మెల్లగా ఎడమ చంకలో దాచుకుంది.

ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూచున్నవాళ్ళని చూసి, చీటీ చూడకుండానే ఎవరికి ఎక్కడ విరిగిందో చెప్పేస్తుందని హాస్పిటల్లో ఈమెకి పేరు. భుజం పోయినవాళ్ళు ఒకవైపుకి ఒరిగి కూచుంటారు. పక్కటెముక పోయినవాళ్ళు తుమ్ము వస్తుందేమోనని భయపడుతూ ఊపిరి పీలుస్తారు. మణికట్టు పోయినవాళ్ళు ఆ చేతిని పసిపాపలా ఒళ్ళో పెట్టుకుంటారు, లేకపోతే చంకలో పెట్టుకుంటారు. ఇన్ని తెలిసిన మనిషికి, రెండు వారాలుగా ఒకే కంచం దగ్గర కూచున్న కూతురి చెయ్యి కనిపించలేదు. పిల్ల కాలు నొప్పి అంది, తను కాలే చూసింది.

"ఇలా రావే" అంది.

మిడత ఉలిక్కిపడింది. తల్లి వంకా, తల్లి బూట్ల వంకా చూసి, బాగా కుంటుతూ వచ్చింది.

తల్లి మోకాళ్ళ మీద కూచుని ఎర్రపట్టీ విప్పేసి, చీలమండని నాలుగు పక్కలా గట్టిగా నొక్కింది. పిల్ల మొహంలో ఏ మార్పూ లేదు.

"నొప్పా?"

"ఆ... ఊఁ. నొప్పే."

"ఆలస్యంగా వచ్చిందేంటి నొప్పి?"

 తల్లి ఆ కుడిచేతిని చంకలోంచి బయటికి తీసి, తన అరచేతిలో పరుచుకుని, బొటనవేలి వైపు మణికట్టు ఎముక చివర, వేలి కొసతో తాకింది. నొక్కను కూడా లేదు.  మిడత కాలి వేళ్ళు పరుపులోకి ముడుచుకుపోయాయి. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"కోచక్క ముందొద్దమ్మా" అంది చిన్నగా.

"ఎన్నాళ్ళనుంచి?"

"కాలు నొప్పని చెప్పానే, దానికి రెండు రోజుల ముందునుంచి."

"మరి కాలు?"

"కాలికి ఏం లేదు. కాలు అంటే, పరిగెత్తి చేతుల మీద పల్టీలు కొట్టేవి తప్పుతాయని..."

వెనక నిలబడ్డ కోచ్ ఆ మాట విని పరుపు మీద కూచుంది. ఒక్కొక్క వేలే మడుస్తూ రోజులు లెక్కేసింది.

"పన్నెండు రోజులు. రోజుకి ఇరవైసార్లు చేతుల మీద నిలబడాలి వీళ్ళు. దీనికి కాలు బాగాలేదు కదా, పరుగూ దూకుడూ లేదు కదా అని... నలభై చేయించాను. నేనే పక్కన నిలబడి లెక్కపెట్టాను."

 పదకొండేళ్ళ పిల్లకి ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి. మణికట్టు దగ్గర ఎముక చివర ఫిల్ములో సన్నటి నల్లగీత కనిపిస్తుంది. ఎముక పొడుగవ్వడానికి కావలసిందంతా ఆ గీతలోనే జరుగుతుంది. ఒంటి బరువంతా మళ్ళీ మళ్ళీ దాని మీద పడితే గీత నలిగిపోతుంది. మరీ నలిగితే ఆ ఎముక అక్కడే ఆగిపోయి, పక్క ఎముక పెరుగుతూ పోతుంది. అలాంటి చేతులు తల్లి చూసింది. ఒకటి రెండు కాదు.

"చూశారా మీ పట్టీ ఎంత పని చేసిందో!" గొంతు హాలంతా వినబడింది. సన్నటి దూలం మీద నడుస్తున్న పిల్ల కూడా ఆగిపోయింది. "చేతులతో చెయ్యొచ్చు, కాళ్ళతో చెయ్యొచ్చు అని మీరు దారులు చూపిస్తుంటే, ఏ దారి మూసుకోవాలో వీళ్ళే చూసుకుంటున్నారు. ఇంట్లో ఉండి ఉంటే ఇలా జరిగేదా?"

కోచ్ విప్పేసిన ఎర్రపట్టీని తీసి చుట్ట చుట్టుకుంటోంది. ఎదురు చెప్పి ఉంటే తల్లికి సులువుగా ఉండేది. కోపం ఎటు పోవాలో తెలీక కూతురి మీదికి మళ్ళింది.

"నీకేమైందే? అమ్మ ఎక్స్‌రేలు తీసేదే కదా! మణికట్టు అని ఒక్క ముక్క నాతో చెప్పడానికి నోరు రాలేదా?"

"నువ్వే అన్నావుగా."

"నేనేమన్నాను?"

మిడత చేతి వెనకవైపుతో ముక్కు తుడుచుకుంది. ఎడమ చేత్తోనే. "సెలవుల్లో ఈ చెయ్యి నొప్పి చేస్తే కట్టు కట్టావు చూడు, అప్పుడు. ఇంకోసారి ఈ చెయ్యి నొప్పి అన్నావంటే ఆ రోజే జిమ్ మాన్పించేస్తా అన్నావు." కాస్త ఆగి, చాలా న్యాయంగా కలిపింది. "కాలి గురించి ఏం అనలేదు."

అన్నది నిజమే. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, ఒక చేత్తో స్టవ్ తగ్గిస్తూ, ఇంకో చేత్తో కట్టు ముడి బిగిస్తూ, భయంలో అనేసింది. పాలు దించేసరికి మర్చిపోయింది కూడా. పిల్లల్ని పెంచే ఇళ్ళల్లో అలాంటి మాటలు రోజుకి పది దొర్లుతాయి. వాటిలో ఏది పిల్ల మనసులో ఉండిపోతుందో ఏ తల్లికీ తెలీదు.

"మాన్పిస్తే ఏమవుతుందే? కొన్నాళ్ళు ఇంట్లో ఉంటే ఏం కొంప మునుగుతుంది?" అంది తల్లి. గొంతులో పదును పోయింది.

"వీళ్ళందరూ కొత్తవి నేర్చుకుంటారు. అవేంటో కూడా నాకు తెలీదు. తిరిగి వచ్చేసరికి వరుసలో నా చోట ఇంకొకళ్ళు ఉంటారు. అప్పుడు నేనెక్కడ నిలబడాలి?"

బల్ల మీద ముగ్గురూ రెప్ప వెయ్యకుండా వింటున్నారు. కోచ్ వాళ్ళ వంక ఓసారి చూసి, తన కుడిచేతిని ముందుకి చాపింది. అరచేతిని వెనక్కి వంచబోయింది. కొద్దిగా కదిలి ఆగిపోయింది.

"ఇంతకంటే వంగదు. అందుకే నేను తలుపు అరచేత్తో తొయ్యను, పిడికిలితో తోస్తాను. మీరెప్పుడైనా చూశారో లేదో. మా కోచ్ దెబ్బ తగిలిందంటే గేటు చూపించేవాడు. తగ్గాకే రా, అనేవాడు. మంచి ఉద్దేశమే. తగ్గి వచ్చినవాళ్ళకి చోటు ఉండేది కాదు, అంతే. అందుకని మేమెవరం చెప్పేవాళ్ళం కాదు. నేను ఎనిమిది నెలలు దాచాను." చేతిని ఒళ్ళోకి తెచ్చుకుంది. "ఈ హాలు నా చేతికి వచ్చినప్పుడు మొదట చేసిన పని ఈ పట్టీ పెట్టడం. దాచక్కర్లేదురా, దెబ్బ తగిలినా రండి, మీ చోటు మీకుంటుంది అని. ఇంక ఎవరూ దాచరనుకున్నాను."

"నా దగ్గర దాచింది" అంది తల్లి.

"మీ దగ్గర దాచాలంటే నా దగ్గరా దాచాలి కదమ్మా. నాకు తెలిస్తే ఎప్పటికైనా మీ చెవిన వేస్తానని దానికి తెలుసు."

 కోచ్ లేచి నిలబడింది.

"ఇక దీని సంగతి తేల్చేస్తాను. రేపట్నుంచి దెబ్బ తగిలినవాళ్ళెవరూ రావద్దు. డాక్టరు చీటీ తెస్తేనే లోపలికి. మీరన్నదే నిజం."

ఇందాక ఈ మాట వినుంటే తల్లి కోచ్ చేతులు పట్టుకుని దణ్ణం పెట్టేది. ఇప్పుడు అదే మాట వింటుంటే బల్ల మీద పిల్లల మొహాలు కనిపించాయి. మోకాలికి పట్టీ ఉన్న పిల్ల అప్పటికే ఆ కాలిని బల్ల కిందికి జరిపేసింది.

"వద్దు మేడం" అంది. అలా అన్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. "రావద్దంటే రేపు ఆ బల్ల ఖాళీ అయిపోతుంది. నొప్పులు ఎక్కడికీ పోవు, పట్టీలు పోతాయంతే."

"మరి ఇప్పుడేగా ఇంట్లో ఉండాలన్నారు?"

"అన్నాను. ఇప్పటికీ సగం మనసు అదే అంటోంది." తల్లి నుదురు రుద్దుకుంది. "పిల్ల వస్తుంది. వచ్చి కూచుంటుంది. ఎక్స్‌రే తీసి డాక్టరు చూసేదాకా చేత్తోనూ వద్దు, కాలితోనూ వద్దు. ఆ తర్వాత ఆయన ఏది చెయ్యొచ్చు అంటే అది. పట్టీ ఎక్కడ కట్టాలో పిల్లల్ని అడిగి కట్టకండి. నన్ను కూడా అడగొద్దు, నాకూ తెలీలేదుగా."

"మిడత బల్ల మీద కుదురుగా కూచుంటుందంటారా?"

"కూచోదు. ఆ తలనొప్పి మీరు సగం పడండి, నేను సగం పడతాను."

కోచ్ పెదాల మీద నవ్వులాంటిది ఒకటి కదిలింది. పుస్తకమూ పెన్సిలూ తెచ్చి మిడత ఎడమ చేతికి ఇచ్చింది. "దిగేటప్పుడు ఎవరి పాదాలు కదిలాయో నువ్వే రాయాలి ఇవాళ్టినుంచి. నేస్తమని ఎవరికీ మినహాయింపు లేదు, తెలిసిందా?" మిడత తలూపింది గానీ పుస్తకం తెరవలేదు. తల్లి మొహమే చూస్తోంది. అసలు మాట ఇంకా రాలేదని ఆ పిల్లకి తెలుసు.

తల్లికీ తెలుసు. అప్పుడు గాని తన కాళ్ళకి బూట్లున్నాయని చూసుకోలేదు. సిగ్గుపడి, విప్పి పరుపు అవతల పెట్టి వచ్చి, కూతురి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుంది.

"సెలవుల్లో అన్నానే, ఆ మాట తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఎక్స్‌రేలో ఏముంటుందో నాకు తెలీదు. నెల్లాళ్ళు ఆగమంటే ఆగాలి, మూణ్ణెల్లంటే మూణ్ణెల్లు. కానీ నొప్పి అని చెప్పినందుకు మాత్రం నిన్ను మాన్పించను."

"ఈ చెయ్యి నొప్పన్నా?"

"ఈ చెయ్యి నొప్పన్నా."

"ఇంకెక్కడ నొప్పన్నా?"

"ఎక్కడన్నా సరే."

"ఒట్టు?"

"ఒట్టు."

"కోచక్కా, మీరు కూడా విన్నారుగా?"

"విన్నానులే తల్లీ. కావాలంటే ఆ పుస్తకంలో రాసుకో, సంతకం పెడతాను."

తల్లికి నవ్వొచ్చింది. రెండు వారాల దిగులూ, అరగంట కోపమూ కలిసి కళ్ళల్లో నీళ్ళుగా వస్తుంటే తుడుచుకుంటూనే నవ్వింది. కోచ్ కూడా నవ్వింది. బల్ల మీద పిల్లలు ఎందుకో తెలీకుండానే కిచకిచమన్నారు.

మిడత నవ్వలేదు. పుస్తకం పరుపు మీద పెట్టి, తల్లికి వీపు చూపిస్తూ తిరిగి నిలబడింది. ఎడమ చేతిని వెనక్కి తెచ్చి, నడుము మధ్యలో, వెన్ను మీద సరిగ్గా ఒకచోట వేలు పెట్టింది. ఎన్నోసార్లు పెట్టి చూసుకున్న వేలిలా, తడుముకోకుండా నేరుగా అక్కడికే వెళ్ళింది.

"అయితే ఇక్కడ కూడా అమ్మా. వెనక్కి వంగినప్పుడల్లా. సెలవులకి ముందునుంచి."

ఆ వేలు ఏ ఎముక మీద ఉందో తల్లికి ఫిల్ము అక్కర్లేకుండానే తెలుసు. ఆ వయసు పిల్లలకి అక్కడ నొప్పంటే డాక్టర్లు మొదట వెన్నుపూసలో చీలిక ఉందేమోనని అనుమానిస్తారని కూడా తెలుసు. కోచ్ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇచ్చిన మాటకి ఇంకా నిమిషం నిండలేదు. మిడత మెడ తిప్పి, భుజం మీదుగా తల్లి కళ్ళల్లోకి చూస్తూ నిలబడింది.